గుడి వద్దనుకుని కోర్టు హాలు తీసుకున్నారు: చర్చి గోడలు యేసు బొమ్మని ఎలా మార్చాయి?

ముందు ఒక చిన్న ప్రశ్న. రీల్స్ నిలువుగా ఎందుకు ఉంటాయి? ఎవరో పెద్ద డైరెక్టర్ కూర్చుని నిలువు ఫ్రేమే అందంగా ఉంటుందని తేల్చారా? లేదు. మనం ఫోన్ నిలువుగా పట్టుకుంటాం, అంతే. స్క్రీన్ షేప్ ముందు వచ్చింది, దానికి సరిపడే బొమ్మ తర్వాత వచ్చింది.

ఇవాళ్టి టాపిక్ కూడా సరిగ్గా ఇదే, కాకపోతే 1700 ఏళ్ళ కిందటిది. ఒక్కసారి కళ్ళు మూసుకుని యేసు బొమ్మ ఊహించుకోండి. గడ్డం, పొడవాటి జుట్టు, తల వెనక గుండ్రటి వెలుగు, ఒక్కోసారి సింహాసనం, వెనకంతా బంగారు రంగు. వచ్చిందా? ఇప్పుడు నాలుగు సువార్తలు తిరగేయండి. ఆయన జుట్టు ఎలా ఉండేది, గడ్డం ఉందా లేదా అని ఎక్కడా రాసి లేదు. మరి ఈ రూపం ఎక్కడ్నుంచి వచ్చింది? ఈ ప్రశ్నకి అందరూ చిత్రకారుల పేర్లు చెప్తారు. నా లెక్కలో మాత్రం సగం క్రెడిట్ బిల్డింగులు కట్టిన మేస్త్రీలకి పోవాలి. ఎందుకో చూద్దాం.

కథ సిరియాలో మొదలవుతుంది. యూఫ్రటీస్ నది ఒడ్డున దూరా యూరోపోస్ అని రోమన్ల సరిహద్దు ఊరు ఉండేది. అక్కడ క్రీ.శ. 230ల ప్రాంతంలో క్రైస్తవులు ఒక మామూలు ఇల్లు తీసుకుని చర్చిగా మార్చుకున్నారు. అప్పటికి వాళ్ళది రాజ్యం గుర్తించిన మతం కాదు. బయట్నుంచి చూస్తే అది చర్చి అని తెలియదు, పక్కింటిలాగే ఉంటుంది. లోపల రెండు గదుల మధ్య గోడ పడగొట్టి ఒక హాలు చేసుకున్నారు, పొడవు సుమారు 13 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు. మన ఊళ్ళలో ఇంట్లో ప్రార్థన కూటాలు పెట్టుకోవడం చూసే ఉంటారు, దాదాపు ఆ లెవెల్ అనమాట.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, బొమ్మలు ఉన్నది ఆ పెద్ద హాల్లో కాదు. పక్కన బాప్తిస్మం ఇచ్చే చిన్న గదిలో. నీళ్ళ తొట్టి, దాని మీద చిన్న పందిరిలాంటి కప్పు, ఆ కప్పు లోపల నీలం రంగు వేసి నక్షత్రాలు. తొట్టి వెనక గోడ మీద గొర్రెను భుజాన మోస్తున్న మంచి కాపరి. పక్క గోడల మీద యేసు పక్షవాయువు గలవాణ్ణి బాగుచేయడం, నీళ్ళ మీద నడవడం, సమాధి దగ్గరికి వెళ్తున్న స్త్రీలు. నీళ్ళలో మునిగి కొత్త జీవితంలోకి వెళ్ళే గది కాబట్టి, బొమ్మలన్నీ ఆ పనికి సంబంధించినవే. గది దేనికో దాన్ని బట్టే బొమ్మ. యేసు ఎలా ఉన్నారంటే, పొట్టి అంగీ వేసుకున్న, గడ్డం లేని కుర్రాడు. సింహాసనం లేదు, బంగారం లేదు.

256లో పర్షియా ససానియన్ల సైన్యం ఆ ఊరిని పట్టుకుంది. దానికి ముందు రోమన్లు కోట గోడని గట్టి చేయడానికి గోడ పక్కనున్న ఇళ్ళని మట్టితో నింపేశారు. ఆ మట్టే ఈ బొమ్మల్ని కాపాడింది. 1930ల మొదట్లో తవ్వకాల్లో బయటపడ్డాయి. ఇప్పుడు అమెరికాలో యేల్ యూనివర్సిటీ దగ్గర ఉన్నాయి.

సరే, ఇప్పుడు రోముకి వెళ్దాం. 312లో కాన్‌స్టాంటైన్ తన పోటీదారు మాక్సెన్షియస్‌ని ఓడించి రోములో అడుగుపెట్టాడు. 313లో క్రైస్తవులకి బహిరంగంగా ఆరాధించుకునే హక్కు వచ్చింది. అంతవరకూ ఇళ్ళల్లో సర్దుకున్నవాళ్ళకి ఇప్పుడు చక్రవర్తే స్పాన్సర్! స్థలం ఉంది, డబ్బు ఉంది. ఒకటే డౌటు. ఏ మోడల్లో కట్టాలి?

మామూలుగా ఎవరైనా ఏమనుకుంటారు? రోమన్ గుళ్ళు ఉన్నాయి కదా, ఆ డిజైనే తీసుకుని విగ్రహం తీసేస్తే సరిపోతుంది కదా అని. కానీ అది కుదరదు. రోమన్ గుడి దేవుడి ఇల్లు. లోపలి గదిలో విగ్రహం ఉంటుంది, బలిపీఠం గుడి బయట, జనం కూడా బయటే. మన గర్భగుడి ఎంత ఉంటుందో ఊహించుకోండి, ఊరంతా వచ్చి లోపల కూర్చోవడానికి కట్టింది కాదది. జనం బయట ఉంటారు కాబట్టి గుడికి అందమంతా బయటే. స్తంభాలు బయట, శిల్పాలు బయట. క్రైస్తవుల అవసరం దీనికి పూర్తిగా రివర్స్. వాళ్ళకి సంఘం మొత్తం ఒకే కప్పు కింద కూర్చుని వాక్యం వినాలి, అందరూ కలిసి రొట్టె విరవాలి. పైగా, కొద్ది ఏళ్ళ కిందటి వరకూ ఏ గుళ్ళలో బలులు ఇవ్వనందుకు వాళ్ళని హింసించారో, అదే డిజైన్ వాళ్ళకి ఎందుకు నచ్చుతుంది చెప్పండి?

అందుకని వాళ్ళు తీసుకున్నది బసిలికా. పేరు వింటే ఏదో పవిత్రమైన మాటలా ఉంటుంది, కానీ అప్పట్లో బసిలికా అంటే పబ్లిక్ హాలు. కేసులు విచారించేది అక్కడే, వ్యాపారాల బేరాలు అక్కడే, చక్రవర్తి దర్బారు కూడా అలాంటి హాల్లోనే. జర్మనీలోని ట్రియర్‌లో కాన్‌స్టాంటైన్ దర్బారు హాలు ఇప్పటికీ నిలబడి ఉంది. పొడవు 67 మీటర్లు, ఎత్తు సుమారు 33 మీటర్లు. లోపల ఖాళీ హాలు, ఆ చివర గోడ లోపలికి అర్ధచంద్రాకారంలో వంగి ఒక పెద్ద గూడులా ఉంటుంది. దాన్ని ఆప్స్ అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎపిసోడ్ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఆ గూటిలో ఎత్తు మీద ఎవరు కూర్చుంటారు? జడ్జి, లేదా చక్రవర్తి.

రోములో మొదటి పెద్ద చర్చి లాటెరన్ బసిలికా. మాక్సెన్షియస్ తరఫున పోరాడిన గుర్రపు దళం బ్యారక్స్ కూలగొట్టి ఆ స్థలంలో కట్టించాడు కాన్‌స్టాంటైన్. తర్వాత సెయింట్ పీటర్ సమాధి మీద ఇంకోటి. ఇప్పుడు మనం చూసే సెయింట్ పీటర్స్ కాదు, దాని ముందున్న పాతది. 1506 నుంచి దాన్ని దశలవారీగా కూల్చి కొత్తది కట్టారు. ఈ పాత బసిలికాలు బయట నుంచి చూస్తే గోడౌన్లలా ఉండేవి, ఉత్త ఇటుక గోడ. అందమంతా లోపలికి మారిపోయింది, ఎందుకంటే జనం లోపలికి మారారు. రెండు వైపులా స్తంభాల వరసలు, వాటి మీద ఎత్తైన చదును గోడలు, పైన కిటికీలు, ఆ చివర వంగిన గూడు.

మెదక్ చర్చికి వెళ్ళినవాళ్ళకి ఈ లేఅవుట్ నేను వివరించక్కర్లేదు. తలుపు దాటగానే కళ్ళు తిన్నగా బలిపీఠం వెనకున్న రంగుటద్దాల కిటికీ మీదకే పోతాయి. అది 1924లో ప్రారంభమైన కట్టడం, స్టైల్ గోథిక్, మధ్యలో చాలా శతాబ్దాల మార్పులు ఉన్నాయి. కానీ పొడవాటి హాల్లో నడిపించి చివర్లో ఒక బొమ్మ దగ్గర ఆపడం అనే ఐడియా ఈ బసిలికాలదే.

ఇప్పుడు చిత్రకారుడి వైపు నుంచి ఆలోచించండి. గుడిలో అయితే మధ్యలో నిలబడే విగ్రహం చెయ్యాలి. ఇక్కడ విగ్రహం పెట్టే గది అసలు లేదు. ఉన్నవి రెండే: పొడవాటి గోడలు, ఆ చివర వంగిన గూడు. విగ్రహారాధన చెయ్యకూడదన్న ఆజ్ఞ ఒకవైపు ఉంది, నిజమే, దాని బలం తక్కువేమీ కాదు. కానీ బిల్డింగ్ కూడా అటే తోసింది. తొలి క్రైస్తవ కళలో మనిషంత విగ్రహాలు చాలా అరుదు. గోడ మీద బొమ్మే దారి అయింది.

ముందు ఆ గూడు సంగతి. రోములో సాంటా పుడెన్‌జియానా అనే చర్చి ఉంది. ముందే ఉన్న రోమన్ కట్టడాన్ని మార్చి చేసింది. దాని ఆప్స్‌లో క్రీ.శ. 400 ప్రాంతపు మొజాయిక్ ఇప్పటికీ ఉంది. మొజాయిక్ అంటే మన పాత ఇళ్ళ ఫ్లోరింగ్ లాంటిదే, చిన్న చిన్న ముక్కలు పక్కపక్కన పొదగడం. తేడా ఏంటంటే ఇక్కడ రంగు గాజు ముక్కలు కూడా ఉంటాయి. మధ్యలో యేసు, బంగారు బట్టల్లో, రత్నాల సింహాసనం మీద, నిండు గడ్డంతో. రెండు వైపులా శిష్యులు, రోమన్ సెనేటర్లలా టోగాలు కట్టుకుని. వెనక యెరూషలేము నగరం, రత్నాలు పొదిగిన పెద్ద సిలువ. తర్వాతి రిపేర్లలో అంచులు కోసేయడంతో శిష్యుల్లో కొందరు పోయారు, అది వేరే బాధ.

ఇక్కడ ఆగి చూడాల్సింది బొమ్మని కాదు, బొమ్మ కింద. ఇలాంటి చర్చిల్లో ఆప్స్‌లో గోడ వెంట అర్ధచంద్రాకారంలో బెంచీ వేసి, మధ్యలో బిషప్ కుర్చీ పెట్టి, రెండు వైపులా పెద్దలు కూర్చునేవారు. పైన సరిగ్గా అదే సీటింగ్. మధ్యలో యేసు, చుట్టూ శిష్యులు. కింద బిషప్, చుట్టూ పెద్దలు. అదే గూటిలో ఒకప్పుడు జడ్జి, చుట్టూ సలహాదారులు. దూరాలో గొర్రెని మోసిన ఆ కుర్రాడు, ఈ గూటిలోకి వచ్చేసరికి తీర్పు చెప్పే కుర్చీలో కూర్చున్నాడు. బిషప్‌కి ఇది ఎంత ఉపయోగమో నేను చెప్పక్కర్లేదు.

దీని మీద పండితుల మధ్య గొడవ ఉంది, అది దాచడం నాకు ఇష్టం లేదు. చాలాకాలం అందరూ యేసుకి చక్రవర్తి గెటప్ వేశారని రాసేవారు. 1993లో థామస్ మాథ్యూస్ అనే కళా చరిత్రకారుడు 'ది క్లాష్ ఆఫ్ గాడ్స్' అనే పుస్తకంలో అది తప్పని వాదించాడు. ఈ సింహాసనం చక్రవర్తిది కాదు, దేవతలది, యేసుని జూపిటర్ లాంటి దేవుళ్ళకి పోటీగా, గొప్ప గురువుగా చూపించారు అంటాడు. రూపం విషయంలో నాకు మాథ్యూస్ మాటలో చాలా బలం కనిపిస్తుంది, ఆ గడ్డం జూపిటర్‌దే అనిపిస్తుంది. కానీ ఎవరు గెలిచినా సీటు మారదు. అక్కడ ఆ వంగిన గోడ లేకపోతే, అందరికీ ఎదురుగా, అందరి కంటే ఎత్తులో, మధ్యలో కూర్చున్న యేసు అనే కంపోజిషన్‌కి చోటే లేదు.

ఇక పొడవాటి గోడలు. ఆప్స్ కదలని బొమ్మకి పనికొస్తే, ఈ గోడలు కథకి పనికొచ్చాయి. రోములోనే సాంటా మరియా మజ్జోరె, 430లలో పోప్ మూడో సిక్స్‌టస్ కాలంలో పూర్తయింది. స్తంభాల వరస మీద, కిటికీల కింద, ఫ్రేము పక్కన ఫ్రేము పెట్టి పాత నిబంధన కథలు. అబ్రాహాము, యాకోబు, మోషే, యెహోషువ. మొత్తం 42 ఫ్రేములు, ఇప్పుడు 27 మిగిలాయి. తర్వాతి కాలంలో పక్కన చాపెళ్ళు కట్టడానికి గోడలు పగలగొట్టినప్పుడు కొన్ని పోయాయి. నిజం చెప్పాలంటే కింద నుంచి ఇవి సరిగ్గా కనపడవు. చాలా ఎత్తు, చాలా చిన్నవి, ఫోన్ జూమ్ చేస్తే గానీ మోషే ఎవరో తెలియదు. అయినా పెట్టారు, ఎందుకంటే గోడ అలా ఉంది.

ఇప్పుడు అసలు కథకి వద్దాం. ఇటలీలో తూర్పు తీరం వైపు రావెన్నా అనే ఊరు. 500 ప్రాంతంలో అది ఓస్ట్రోగోత్ రాజు థియోడొరిక్ రాజధాని. ఆయన క్రైస్తవుడే, కానీ ఏరియన్ శాఖ. యేసు తండ్రితో సమానుడు కాదు, ఆయన తర్వాతి స్థాయి అని నమ్మేవాళ్ళు. ఆయన తన రాజభవనం పక్కన ఒక బసిలికా కట్టించుకున్నాడు. ఇప్పుడు దాన్ని సాంట్ అపొలినారె నువొవొ అంటారు.

దాని గోడలు మూడు అంతస్తుల మొజాయిక్. పై వరసలో యేసు జీవితం, వైపుకి 13 చొప్పున 26 సీన్లు. ఒక వైపు అద్భుతాలు, ఉపమానాలు, అక్కడ యేసుకి గడ్డం ఉండదు. ఎదురు గోడ మీద చివరి రోజులు, అక్కడ గడ్డం ఉంటుంది. ఒకే బిల్డింగులో రెండు ముఖాలు! అంటే అప్పటికి ఫైనల్ వెర్షన్ ఇంకా లాక్ అవ్వలేదనమాట. కింది వరసలో రెండు గోడల పొడవునా ఊరేగింపులు. ఒక వైపు తెల్ల బట్టల్లో 26 మంది హతసాక్షులు యేసు వైపు, ఇంకో వైపు 22 మంది కన్యలు, వాళ్ళ ముందు తూర్పు జ్ఞానులు, మరియ ఒళ్ళోని బాల యేసు వైపు. అందరూ తలుపు దగ్గర బయల్దేరి బలిపీఠం వైపు నడుస్తారు. మీరు ఆ హాల్లో ముందుకి నడుస్తుంటే, గోడ మీద వాళ్ళు మీతో పాటు నడుస్తున్నట్టే ఉంటుంది. గుండ్రటి బిల్డింగులో ఈ బొమ్మ వెయ్యలేరు, వేసినా అర్థం ఉండదు.

కానీ ఈ ఊరేగింపు ఒరిజినల్ కాదు. 540లో చక్రవర్తి జస్టీనియన్ సైన్యం రావెన్నాని పట్టుకుంది. 561 ప్రాంతంలో బిషప్ అగ్నెల్లస్ ఏరియన్ల చర్చిలన్నీ తమ శాఖలోకి మార్చాడు. ఈ చర్చిలో పై వరస సీన్లు అలాగే ఉంచేశారు, యేసు కథతో వాళ్ళకి పేచీ లేదు. కింది వరస మాత్రం తీసేసి ఈ హతసాక్షులని, కన్యలని పెట్టారు. అక్కడ ముందు ఎవరున్నారో ఇప్పుడు మనకి కనపడదు, థియోడొరిక్, ఆయన దర్బారు వాళ్ళే అని చాలామంది చరిత్రకారుల అంచనా.

ఎందుకంటే ఒక చోట ఆధారం మిగిలిపోయింది. తలుపు దగ్గర్లో థియోడొరిక్ రాజభవనం బొమ్మ ఉంటుంది. స్తంభాల మధ్య తెల్ల తెరలు వేలాడుతుంటాయి. దగ్గరగా చూస్తే ఆ స్తంభాల మీద చేతులు కనిపిస్తాయి. ఒక అరచెయ్యి ఇక్కడ, ఒక ముంజెయ్యి అక్కడ, మనిషి మాత్రం లేడు. స్తంభాల మధ్య నిలబడ్డ మనుషుల్ని పీకేసి ఆ ఖాళీలో తెరలు పొదిగారు. స్తంభం మీదకి చాచిన చేతుల్ని మాత్రం వదిలేశారు. చేతులు తీయాలంటే స్తంభం కూడా మళ్ళీ పొదగాలి, బద్ధకించారేమో! మనం ఫోటోలోంచి ఒకరిని ఎరేజ్ చేస్తే భుజం మీద చెయ్యి మిగిలిపోతుంది చూశారా, సేమ్ టు సేమ్. 1400 ఏళ్ళుగా ఆ చేతులు అక్కడే ఉన్నాయి.

దీన్నిబట్టి గోడకి ఎంత పవర్ ఉందో అర్థమవుతుంది. వారం వారం ఊరంతా వచ్చి చూసే గోడ. పుస్తకం చదవగలిగినవాళ్ళు కొద్దిమందే. 599, 600 సంవత్సరాల్లో పోప్ గ్రెగొరీ, ఫ్రాన్సులోని మార్సెయ్ బిషప్ సెరీనస్‌కి రాసిన ఉత్తరాలు దొరికాయి. జనం బొమ్మలకి మొక్కుతున్నారని సెరీనస్ చర్చిలోని బొమ్మలు పగలగొట్టించాడు. గ్రెగొరీ జవాబు సారాంశం: మొక్కొద్దని చెప్పడం కరెక్టే, పగలగొట్టడం తప్పు, చదువు రానివాళ్ళు పుస్తకాల్లో చదవలేనిది గోడల మీద చదువుకుంటారు.

రావెన్నాలోనే ఇంకో చర్చి, సాన్ విటాలె, 547లో ప్రతిష్ఠ జరిగింది. ఇది బసిలికా కాదు, ఎనిమిది మూలల బిల్డింగ్. జూలియస్ అర్జెంటేరియస్ అనే ధనవంతుడు డబ్బు పెట్టాడు, 26,000 బంగారు నాణేలు ఖర్చయిందని పాత రికార్డు. ఇక్కడ పొడవాటి గోడల్లేవు, కాబట్టి ఊరేగింపు లేదు. బొమ్మలన్నీ బలిపీఠం చుట్టూ చేరాయి. పక్కనే అర్పణ చేస్తున్న హేబెలు, రొట్టె ఎత్తి పట్టుకున్న మెల్కీసెదెకు, ఎదురుగా ఇస్సాకుని బలివ్వబోతున్న అబ్రాహాము. ఆ బల్ల దగ్గర రోజూ జరిగే పనికి సరిగ్గా మ్యాచ్ అయ్యే కథలే ఏరుకున్నారు. ఆప్స్ రెండు పక్కలా జస్టీనియన్ రొట్టె పళ్ళెంతో, ఆయన భార్య థియోడోరా పాత్రతో నిలబడి ఉంటారు. ఇద్దరిలో ఎవరూ రావెన్నాకి రాలేదు! ఊరికి రాని రాజు ప్రతి ఆరాధనకీ హాజరు.

బంగారం గురించి ఒక్క మాట. గాజు మధ్యలో పల్చటి బంగారు రేకు పెట్టి ముక్కలు చేస్తారు, వాటిని కావాలనే కొద్దిగా అటూ ఇటూ వాల్చి పొదుగుతారు. చదును గోడ మీద ఓకే. వంగిన గూటిలో అయితే నూనె దీపాల వెలుగు ఒక్కో ముక్క మీద ఒక్కో కోణంలో పడి, మనం అడుగు వేసినప్పుడల్లా బొమ్మ మెరుస్తూ కదులుతుంది. ఫోటోలో ఇది రాదు, వీడియోలో కొంచెం నయం.

తూర్పున కాన్‌స్టాంటినోపుల్‌లో పరిస్థితి వేరే. అక్కడ 8వ శతాబ్దంలో చక్రవర్తులే బొమ్మల్ని నిషేధించారు. గొడవ మధ్యలో ఒక గ్యాప్‌తో 843 దాకా నడిచింది. ఆ కాలపు జ్ఞాపకం ఇస్తాంబుల్‌లో హగియా ఐరీన్ చర్చి. 740 భూకంపం తర్వాత బాగుచేసినప్పుడు ఆప్స్‌లో యేసు లేడు, మరియ లేదు, బంగారం మీద ఒక్క నల్లటి గీతల సిలువ. చూడండి, బొమ్మ వద్దన్నవాళ్ళు కూడా ఆ గూటిని ఖాళీగా వదల్లేకపోయారు.

బొమ్మలు తిరిగొచ్చేసరికి అక్కడి చర్చి డిజైన్ మారిపోయింది. పొడవాటి హాలు పోయి మధ్యలో డోమ్ ఉన్న చిన్న బిల్డింగులు వచ్చాయి. దాంతో బొమ్మల చోట్లు కూడా మారాయి. అన్నిటికంటే ఎత్తు డోమ్ కాబట్టి యేసు అక్కడికి ఎక్కారు, ఛాతీ వరకే కనపడేలా, పైనుంచి కిందకి చూస్తూ. ఖాళీ అయిన ఆప్స్ మరియకి వచ్చింది. ఏథెన్స్ దగ్గర డాఫ్నీ మఠంలో 1100 ప్రాంతపు ఆ ముఖం చూస్తే కొంచెం భయం వేస్తుంది.

చివరగా నా వాదనకి గట్టి సాక్ష్యం సిసిలీలో ఉంది. 1131లో రాజు రెండో రోజర్ చెఫలూ అనే ఊళ్ళో పెద్ద చర్చి మొదలుపెట్టాడు. మొజాయిక్ చెయ్యడానికి డోమ్‌లో యేసుని పెట్టడం అలవాటైన గ్రీకు పనివాళ్ళు వచ్చారు. తీరా చూస్తే ఇది పొడవాటి పాశ్చాత్య మోడల్ బిల్డింగ్, డోమ్ లేదు. వాళ్ళేం చేశారంటే, డోమ్‌లో పెట్టాల్సిన ఆ పెద్ద ముఖాన్ని కిందకి దించి ఆప్స్‌లో పెట్టారు. ఆప్స్‌లో ఉండాల్సిన మరియ ఆ కింది వరసకి జరిగింది. 1148 అని తేదీ కూడా అక్కడే రాసి ఉంది. ఆయన చేతిలో తెరిచిన పుస్తకం ఉంటుంది, ఒక పేజీ గ్రీకులో, ఇంకో పేజీ లాటిన్‌లో. పనివాళ్ళకి ఒకటి, ఊరివాళ్ళకి ఒకటి అన్నట్టు.